ఎదురుచూసిన ఇల్లు



సాయంకాలపు పొలంలో పని ఆపి, తల వంచి ప్రార్థిస్తున్న ఇద్దరు పేద రైతుల బొమ్మను మీలో చాలామంది ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. మగమనిషి టోపీ తీసి చేతుల్లో పట్టుకుని ఉంటాడు. ఆడమనిషి చేతులు జోడించి ఉంటుంది. వారి మధ్య నేల మీద బంగాళాదుంపల బుట్ట, మట్టిలో గుచ్చిన పనిముట్టు, వెనుక తోపుడు బండి మీద బస్తాలు. చాలా దూరాన, మసక వెలుగులో, ఒక గుడి గోపురం. బొమ్మకు శబ్దం ఉండదు గదా! అయినా చూసిన వారికి ఆ గోపురం నుంచి గంట వినబడినట్లే ఉంటుంది.

ఆ చిత్రం పేరే త్రికాల జపం. ఫ్రెంచి వారు లాంజెలస్ అంటారు. దానిని గీసినవాడు జాన్ ఫ్రాంస్వా మిల్లే. ఇప్పుడది పారిస్ నగరంలోని ఓర్సే మ్యూజియంలో ఉంది. అయితే ఈ వారం మీకు చెప్పదలచుకున్నది మ్యూజియంలోని ఆ చిత్రం గురించి కాదు. ఆ చిత్రంలోని ప్రార్థన ఏ ఇంట్లో పుట్టిందో ఆ ఇంటి గురించీ, ఆ ఇల్లు విడిచిపోయిన కొడుకు గురించీ చెబుతాను.

ఫ్రాన్సు దేశపు వాయవ్య మూలన నార్మండీ ప్రాంతం ఉంది. అక్కడ షెర్‌బూర్ అనే రేవు పట్టణానికి పడమరగా సుమారు 15 కిలోమీటర్లు పోతే గ్రెవిల్ అనే ఊరు వస్తుంది. ఆ విచారణలోని ఒక చిన్న పల్లె గ్రుషీ. సముద్రపు ఒడ్డున, కొండచరియల మీద నాలుగు ఇళ్ళు. అందులో రాతి గోడల రైతు ఇల్లు ఒకటి ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ జిల్లా పాలక మండలి దానిని మ్యూజియంగా చేసి కాపాడుతోంది. రాజభవనం చూద్దామని వెళ్ళినవారికి అక్కడ కనబడేది ఏమీ లేదు. మందపు రాళ్ళు, పొయ్యి, చిన్న కిటికీలు, బయట సముద్రపు గాలి. అంతే. మిల్లే 1814 అక్టోబరు 4న ఆ ఇంట్లో పుట్టాడు.

అక్టోబరు 4 ఎవరి పండుగో మీకు తెలుసు. అస్సీసిపుర పునీత ఫ్రాన్సిసు వారి పండుగ. బిడ్డకు తండ్రి పేరులోని జాన్‌తో పాటు ఫ్రాంస్వా అనే పేరు కూడా కలపాలని పట్టుబట్టింది నాయనమ్మ లూయీజ్. ఆమే అతనికి జ్ఞానతల్లి. ఎనిమిది మంది పిల్లల్లో మిల్లే పెద్ద కొడుకు. తల్లి భర్తతో సమానంగా పొలంలో పనిచేసేది కాబట్టి పిల్లల పెంపకం నాయనమ్మదే. ఉదయం లేపేదీ ఆమే, జపాలు నేర్పేదీ ఆమే. పొలంలో పని చేస్తుండగా త్రికాల జపం గంట వినబడితే చాలు, అందరి చేతా పని ఆపించి, టోపీలు తీయించి, చనిపోయిన పేద ఆత్మల కోసం ప్రార్థింపజేసేది. ఈ సంగతి మిల్లే చాలా ఏళ్ళ తరువాత ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. మీరు చూసిన చిత్రానికి మూలం ఆ జ్ఞాపకమే.

ఆ ఇంట్లో ఒక గురువు కూడా ఉండేవారు. ఆయన తాతగారి సోదరుడు, పేరు షార్ల్. ఫ్రెంచి విప్లవం రోజుల్లో ప్రభుత్వం గురువులందరినీ కొత్త చట్టానికి ప్రమాణం చేయమన్నది. శ్రీసభ నుంచి తమను విడదీసే ఆ ప్రమాణం చేయనని ఆయన నిరాకరించారు. నిరాకరించిన వారిని వేటాడిన కాలం అది. ఆ గండం గడిచాక ఆయన అన్నగారి ఇంటికే చేరారు. దివ్యపూజ ముగించుకుని పొలానికి వెళ్ళేవారు. రాళ్ళు మోసి గోడలు కట్టేవారు. పల్లెలోని పేద పిల్లలకు జీతం పుచ్చుకోకుండా చదువు చెప్పేవారు. మిల్లే చిన్నతనంలోనే ఆయన కన్నుమూశారు గాని, ఆయన పుస్తకాలు మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయాయి. ఆ పుస్తకాలను మరచిపోకండి, మళ్ళీ వస్తాయి.

తండ్రి కూడా సామాన్యుడు కాదు. గ్రెవిల్ గుడిలో పాటల బృందాన్ని నడిపేవాడు. గడ్డిపోచ చేతికి తీసుకుని దాని అందం కొడుకుకు చూపించేవాడు. కొడుకు గ్రామ గురువుల దగ్గర లాటిను నేర్చుకుని, బైబిలు గ్రంథాన్నీ వర్జిల్ కవినీ ఆ భాషలోనే చదివాడు. పునీత అగుస్తీను వారి ఆత్మకథ, పునీత జెరోము వారి లేఖలు ఆ రైతుబిడ్డ చదివిన పుస్తకాలు. పగలు నాగలి, రాత్రి పుస్తకం. చదువుకున్న వాడు పొలం పనికి పనికిరాడని మన పల్లెల్లో అనేవారు ఉన్నారు. ఆ ఇంట్లో ఎవరూ అలా అనలేదు.

ఒక ఆదివారం పూజ ముగిసి వస్తూండగా నడుము వంగిన ఒక ముసలాయన దారిలో నడుస్తూ కనబడ్డాడు. కుర్రవాడు ఇంటికి రాగానే బొగ్గుతో ఆ ముసలాయన బొమ్మ గీశాడు. ఇంటిల్లిపాదీ అది ఎవరో గుర్తుపట్టి నవ్వారు. తండ్రి మాత్రం నవ్వి ఊరుకోలేదు. పెద్ద కొడుకు లేకుండా సేద్యం సాగదు కాబట్టే ఇంతకాలం అతణ్ణి చిత్రకళ నేర్చుకోవడానికి పంపలేకపోయాననీ, తమ్ముళ్ళు ఇప్పుడు పెద్దవాళ్ళవుతున్నారు కాబట్టి ఇక ఆపననీ చెప్పి, అతణ్ణి షెర్‌బూర్ తీసుకుపోయాడు. కుర్రవాడు రెండు బొమ్మలు వెంట పట్టుకెళ్ళాడు. ఒకదానిలో గొర్రెల కాపరులు. రెండవదానిలో చుక్కల రాత్రి, ఒక ఇంటి గుమ్మం, రొట్టె అడగ వచ్చిన పొరుగువాడికి రొట్టె ఇస్తున్న మనిషి. లూకా సువార్త 11వ అధ్యాయంలో అర్ధరాత్రి తలుపు తట్టిన స్నేహితుని కథ అది. ఆ బొమ్మలు చూసిన పట్టణపు చిత్రకారుడు మొదట అవి ఈ కుర్రవాడు గీసినవంటే నమ్మలేదు. నమ్మిన తరువాత, ఇలాంటి బిడ్డను ఇన్నాళ్ళు పొలంలో ఉంచినందుకు తండ్రిని మందలించాడు.

1835లో తండ్రి చనిపోయాడు. మిల్లే పట్టణం వదిలి ఇంటికి వచ్చేశాడు. పెద్ద కొడుకు గదా, కుటుంబ భారం తనదే అనుకున్నాడు. అప్పుడు అతణ్ణి తిరిగి పంపింది ఎవరనుకున్నారు? నాయనమ్మే. తండ్రి కోరిక దేవుని చిత్తమని చెప్పి పంపింది. కొడుకు పోయిన ఇంట్లో, పని చేసే పెద్ద మనుమణ్ణి కూడా వదులుకుంది. 1837లో షెర్‌బూర్ పట్టణ సభ ఇచ్చిన విద్యార్థి వేతనంతో మిల్లే పారిస్ బండి ఎక్కాడు. ఆమె చెప్పి పంపిన మాట ఒక్కటే. పరలోకాన్ని దృష్టిలో పెట్టుకుని బొమ్మలు వేయమన్నది. దేవుని ఆజ్ఞ తప్పిన వాడిగా చూడటం కంటే చనిపోయిన వాడిగా చూడటమే తనకు మేలని కూడా చెప్పింది.

కఠినమైన మాట. ఈ మాట ఆమెకు ఎంత ఖరీదైందో, అతనికి ఎంత బరువైందో ఇకమీద చూడండి.

పారిస్‌లో రెండేళ్ళకే విద్యార్థి వేతనం ఆగిపోయింది. 1841లో షెర్‌బూర్ అమ్మాయి పౌలీన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె క్షయ వ్యాధితో 1844లో పారిస్‌లోనే మరణించింది. బిడ్డలు లేరు. డబ్బు లేదు. తరువాత కాథరీన్ లెమేర్ అనే పనిపిల్ల అతని జీవితంలోకి వచ్చింది. 1845లో ఇద్దరూ కలిసి వెళ్ళిపోయారు. గుడిలో పెళ్ళి లేదు, ప్రభుత్వ కార్యాలయంలోనూ పెళ్ళి లేదు. 1846 నుంచి పిల్లలు పుట్టడం మొదలైంది. ఈ సంగతి గ్రుషీ ఇంటికి చెప్పే ధైర్యం మిల్లేకు చాలాకాలం రాలేదు. నాయనమ్మ ముఖం గుర్తుకు వచ్చేదేమో! కఠినంగా ప్రేమించేవారి దగ్గరే మనం ఎక్కువ దాచుకుంటాం. వారిని పోగొట్టుకోలేక దాచుకుంటాం, దాచుకున్నందువల్లనే వారికి దూరమవుతాం.

ఆ రోజుల్లో అతడు పునీత జెరోము వారి శోధనను చిత్రించాడు. పారిస్ చిత్ర ప్రదర్శన వారు దానిని తిరస్కరించారు. కొత్త గుడ్డ కొనుక్కునే స్తోమత లేక, ఆ పునీతుని చిత్రం మీదనే మరో బొమ్మ వేశాడు. ఆ రెండవ బొమ్మ ఇప్పుడు కెనడా జాతీయ చిత్రశాలలో ఉంది. దాని అడుగున జెరోము వారు ఉన్నారు. తిండికోసం బట్టలు లేని స్త్రీల బొమ్మలు కూడా చాలా వేసి అమ్మాడు. మిల్లే మిత్రుడు, జీవిత చరిత్రకారుడు సాన్సియే ఒక సంఘటన చెబుతాడు. ఒక రాత్రి దుకాణం కిటికీ ముందు నిలుచున్న ఇద్దరు యువకులు, అలాంటి బొమ్మలు తప్ప మరేమీ వేయనివాడు ఈ మిల్లే అని మాట్లాడుకోవడం అతని చెవిన పడిందట. ఇంటికి వచ్చి, కష్టాలు ఇంకా పెరిగినా సరే, అలాంటి పని ఇక చేయనని కాథరీన్‌తో చెప్పాడట. ఆమె సిద్ధమే అన్నది. గుడి రిజిస్టరులో పేరు లేని ఆ పేద స్త్రీ ఇచ్చిన ఈ జవాబును మనం తేలికగా తీసేయకూడదు.

1849లో పారిస్‌లో కలరా వ్యాపించినప్పుడు కుటుంబంతో బార్బిజాన్ అనే పల్లెకు వెళ్ళాడు. కొద్దికాలం ఉందామని వెళ్ళినవాడు మిగిలిన జీవితంలో ఎక్కువ భాగం అక్కడే గడిపాడు. విత్తనాలు చల్లే రైతును గీశాడు. కోసిన చేలో పరిగె ఏరుకునే ముగ్గురు పేద స్త్రీలను 1857లో చిత్రించాడు. రూతు గ్రంథం చదివినవారికి ఆ పరిగె ఏరేవారు కొత్తవారు కారు. పెద్దింటి వారికి మాత్రం ఆ బొమ్మలు నచ్చలేదు. పేదలను ఇంత పెద్దగా, ఇంత గౌరవంగా చూపించడం తిరుగుబాటు అనుకున్నారు. మిల్లే తనకు తెలిసిన తన ఇంటివారినే చూపించాడు.

ఇక్కడ గ్రుషీలో ఏం జరుగుతోంది? నాయనమ్మ 1851లో చనిపోయింది. మనుమడు రాలేదు. తల్లి ఒంటరిగా మిగిలింది. ఎప్పుడు వస్తావని ఉత్తరాలు రాయించింది. కొడుకును ఒక్కసారి చూడాలని ఆమె ప్రాణం. దారి ఖర్చులకు డబ్బు లేదు. డబ్బు ఒక్కటే కారణమా, చెప్పుకోలేని సంగతి మరొక కారణమా, అది దేవునికే తెలియాలి. 1853 ఏప్రిల్‌లో తల్లి కూడా కన్నుమూసింది. కొడుకు అప్పటికీ రాలేదు.

ఆస్తి పంపకాలకు వచ్చాడు. ఈ మాట రాస్తుంటేనే మనసు చివుక్కుమంటుంది. బ్రతికి ఉన్న తల్లి కోసం దాటలేని దారి, చనిపోయిన తరువాత దాటవలసి వచ్చింది. అయినా అతడు చేసింది వినండి. ఇంటిలో, పొలంలో తన భాగాన్ని తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు వదిలేశాడు. తాతగారి సోదరుడైన గురువుగారి పుస్తకాలు, తరతరాలుగా ఆ ఇంట్లో ఉన్న పాత ఓకు చెక్క బీరువా మాత్రం తనకు ఇమ్మన్నాడు. ఎకరాలు అడగలేదు. పుస్తకాలు అడిగాడు.

ఆ సంవత్సరమే నవంబరులో ప్రభుత్వ కార్యాలయంలో కాథరీన్‌ను చట్టప్రకారం పెళ్ళి చేసుకున్నాడు. మరుసటి ఏడు, 1854 వేసవిలో, ఆమెనూ పిల్లలనూ వెంటబెట్టుకుని గ్రుషీ వచ్చాడు. తల్లికి చూపించలేని కోడలిని, మనుమలను ఖాళీ ఇంటికి చూపించాడు. ఆ నెలల్లో అతడు ఆ ఇంటిని, బావిని, పొలాలను, దారులను మళ్ళీ మళ్ళీ గీశాడు. మొదటే చూసి ఉండవలసిన వాటిని ఆలస్యంగా చూసేవాడు ఎంత ఆత్రంగా చూస్తాడో అలా గీశాడు.

ఊరికి వచ్చిన సందర్భంలోనే ఒక సాయంకాలం త్రికాల జపం వేళ గ్రెవిల్ గుడిలోకి వెళ్ళాడట. పీఠం దగ్గర ఒక వృద్ధ గురువు మోకరించి ఉన్నారు. చిన్ననాడు తనకు లాటిను నేర్పినవారు! ఆయన లేచి, గుర్తుపట్టి, కౌగిలించుకుని, బైబిలును మరచిపోయావా, కీర్తనలు చదువుతున్నావా అని అడిగారట. అవే నా జపపుస్తకం, నేను చేసే పని అంతా వాటిలో నుంచి తీసుకున్నదే అని మిల్లే జవాబిచ్చాడట. సాన్సియే చెప్పిన ఈ సంఘటన నాకు చాలా ఇష్టం. ఆ గురువు మొదట అడిగింది పెళ్ళి గురించి కాదు, పూజకు వెళుతున్నావా అని కూడా కాదు. తాను నాటిన విత్తనం గురించి అడిగారు.

తల్లి మరణం తరువాత మిల్లే మనసులో తోబీతు గ్రంథం తిరుగుతూ ఉండేది. ఈ గ్రంథం మన కతోలిక బైబిలులో ఉంది, ఇంట్లో తీసి చదవండి. కుమారుడు తోబియా దూరదేశానికి ప్రయాణమై పోయాడు. చెప్పిన రోజులు దాటిపోయాయి. తల్లి అన్నా ప్రతిదినం దారి దగ్గరికి వెళ్ళి చూస్తూ ఉంటుంది. మిల్లే దీనిని ఎదురుచూపు అనే పేరుతో చిత్రించి 1861లో ప్రదర్శనలో పెట్టాడు. సూర్యుడు అస్తమిస్తున్నాడు. ముసలి తల్లి దారిలో నిలబడి, కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని దూరంగా చూస్తోంది. గుడ్డివాడైన తండ్రి గుమ్మంలో నుంచి తడుముకుంటూ బయటికి వస్తున్నాడు. వారు ప్రాచీన యూదుల్లా కనబడరు, ఫ్రెంచి పల్లెటూరి రైతుల్లా ఉంటారు. విమర్శకులు ఆ చిత్రాన్ని బాగా చిన్నచూపు చూశారు. వారికి ఆ ముసలమ్మ ఎవరో తెలియదు. ఆ చిత్రం ఇప్పుడు అమెరికాలో కాన్సస్ సిటీ నగరపు మ్యూజియంలో ఉంది.

తోబీతు గ్రంథంలో కుమారుడు రఫాయేలు దేవదూత తోడుగా తిరిగి వస్తాడు. తల్లి పరుగెత్తి అతని మెడ కౌగిలించుకుంటుంది. గ్రుషీ ఇంట్లో అది జరగలేదు. పునీత అగుస్తీను వారి తల్లి మోనికమ్మ గారు కూడా ఏళ్ళ తరబడి కన్నీరు కార్చారు, కాని తన కళ్ళతో కుమారుని జ్ఞానస్నానం చూసి మరణించారు. అగుస్తీను ఆత్మకథ ఉన్న ఆ ఇంట్లో, నాయనమ్మ లూయీజ్‌కు ఆ భాగ్యం కలుగలేదు.

త్రికాల జపం చిత్రాన్ని మిల్లే 1857, 1859 మధ్య గీశాడు. మొదట బోస్టన్ నగరవాసి ఒకరు గీయమని అడిగి, తరువాత తీసుకోలేదు. అప్పుడు దూరాన గుడి గోపురం చేర్చి పేరు మార్చాడు. సుమారు వెయ్యి ఫ్రాంకులకు అది అమ్ముడుపోయింది. మిల్లే చనిపోయిన తరువాత, 1889 వేలంలో, అదే చిత్రం 5,53,000 ఫ్రాంకులు పలికింది. అమెరికా వెళ్ళి తిరిగి వచ్చి, చివరకు ఒక ధనవంతుడు 1909లో మరణిస్తూ దేశానికి రాసి ఇచ్చిన ఆస్తిలో భాగమైంది. ఆ లక్షల్లో కాథరీన్‌కు ఒక్క ఫ్రాంకు కూడా రాలేదు.

బార్బిజాన్‌లో మిల్లే తప్పకుండా గుడికి పోయే మనిషి కాదని చరిత్రకారులు అంటారు. దానిని దాచి అతణ్ణి పునీతుడిగా చూపించడం నా ఉద్దేశం కాదు. ఇంట్లో బైబిలు చదివేవాడు, తొమ్మిది మంది పిల్లలను పెంచాడు, దివ్యసంస్కారాలకు మాత్రం దూరంగా ఉన్నాడు. 1870 యుద్ధంలో కుటుంబంతో షెర్‌బూర్‌కు వచ్చి ఏడాదికి పైగా ఉన్నప్పుడు గ్రెవిల్ గుడి చిత్రం మొదలుపెట్టాడు. తాను జ్ఞానస్నానం పొందిన ఊరి గుడి, తండ్రి పాటలు పాడించిన గుడి. ఆ చిత్రం చివరి వరకు అతని గదిలోనే ఉంది. 1874లో పారిస్‌లో పునీత జెనవీవమ్మ గారి జీవితాన్ని గోడల మీద చిత్రించమని ప్రభుత్వం పిలిచింది. కాని ఆరోగ్యం అప్పటికే చెడిపోయింది. బొగ్గు గీతలు దాటి ఆ పని ముందుకు సాగలేదు.

1875 జనవరి 3న, పడక పట్టిన మిల్లే గురువును పిలిపించి, కాథరీన్‌తో వివాహ సంస్కారం పొందాడు. ముప్పై ఏళ్ళ తరువాత! పదిహేడు రోజులకు, జనవరి 20న, అరవయ్యవ ఏట మరణించాడు.

ప్రియ కుటుంబీకులారా, నాయనమ్మ ప్రార్థన వల్లనే ఇలా జరిగిందని నేను రుజువు చేయలేను. కాని మన విశ్వాసం ప్రకారం ప్రార్థనకు కాలం అడ్డం కాదు. ఆమె 1851లోనే కన్నుమూసింది, ఆమె అడిగినది 1875లో జరిగింది. బిడ్డలు దారి తప్పారని కుమిలిపోయే తల్లిదండ్రులు మీలో ఉన్నారు. మీరు విత్తినది మీ కళ్ళ ముందే పండకపోవచ్చు. విత్తడం ఆపకండి. అయితే మాట కఠినంగా ఉండి, ఇంటి తలుపు తట్టడానికి బిడ్డ భయపడేలా ఉందేమో ఒకసారి చూసుకోండి. నిజం చెప్పగలిగే చోటు ఇల్లే కాకపోతే మరి ఎక్కడ?

దూరాన ఉన్న కొడుకులారా, కూతుళ్ళారా, మీకు కూడా ఒక మాట. మిల్లే తన తల్లిని ప్రేమించాడనడంలో సందేహం లేదు. ఆ ప్రేమ ఎంత గొప్పదో కాన్సస్ సిటీలోని చిత్రం చెబుతుంది. కాని ఆ చిత్రాన్ని ఆ తల్లి చూడలేదు. ఆమెకు కావలసింది చిత్రం కాదు, దారిలో నడిచి వచ్చే కొడుకు. చెప్పుకోలేని సంగతి ఏదైనా ఉంటే, దానితోనే రండి. కాస్త బాగుపడిన తరువాత వద్దామని ఆగకండి.

మిల్లేను షాయీ గ్రామపు శ్మశానంలో, మిత్రుడైన చిత్రకారుడు రూసో సమాధి పక్కన పాతిపెట్టారు. త్రికాల జపం చిత్రంలో దూరాన కనబడే గోపురం ఆ షాయీ గుడిదే అంటారు. ఇక గ్రుషీలో ఆ రాతి ఇంటి తలుపు చూడవచ్చినవారికి ఇప్పటికీ తీస్తున్నారు. ఈ సాయంకాలం మీ ఊరి గుడి గంట మోగినప్పుడు త్రికాల జపం చెప్పుకుని, ఎదురుచూస్తూ కన్నుమూసిన తల్లుల ఆత్మల కోసం మరొక జపం కలపండి.